లినక్స్‌లో ఫైర్‌వైర్: ఒక బస్ డ్రైవర్ పాతికేళ్ల చరిత్ర

కంప్యూటర్ పరిభాషలో బస్ అంటే ప్రాసెసర్, మెమరీ, బయటి పరికరాలు తమలో తాము సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఉమ్మడి మార్గం. ఆ మార్గాన్ని నడిపే చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలిచి, ఒకరి మాట మరొకరికి అర్థమయ్యేలా చేర్చే ప్రోగ్రామును బస్ డ్రైవర్ అంటారు. ప్రింటర్ డ్రైవర్‌లో తప్పు దొర్లితే ఆ ప్రింటర్ ఒక్కటే మూలపడుతుంది గాని, బస్ డ్రైవర్‌లో తప్పు దొర్లితే ఆ బస్‌ను నమ్ముకున్న డిస్కులు, కెమెరాలు, సౌండ్ పరికరాలు అన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి, ఒక్కోసారి కంప్యూటరే ఆగిపోతుంది. లినక్స్ ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అంటే దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. అందులో ఒక డ్రైవర్ బాగోగులు చూసే బాధ్యత చిప్ తయారుచేసిన కంపెనీదేనన్న నియమం ఏదీ లేదు. ఆ బాధ్యతను మెయింటైనర్ అని పిలిచే వ్యక్తి తీసుకుంటాడు. ఇతరులు పంపిన సవరణలను చదివి, పరీక్షించి, తగినవాటిని లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్‌లోకి చేర్పించడం, తగనివాటిని కారణం చెప్పి తిప్పిపంపడం, ఎక్కడో ఒక వాడుకరి కంప్యూటర్ మొరాయిస్తే ఆ తప్పు తన కోడ్‌దో కాదో తేల్చడం అతని పని. పరికరాలు చేసిన కంపెనీలు ఆ వ్యాపారం మానేసినా ఈ పని మాత్రం తెమలదనడానికి ఫైర్‌వైర్ చరిత్ర మంచి దాఖలా.

ఫైర్‌వైర్‌కు బీజం 1986లో ఆపిల్ కంపెనీలో పడింది. సోనీ, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి సంస్థల ఇంజనీర్లు కూడా పాలుపంచుకున్న ఆ ప్రయత్నం 1995 చివర ఐఈఈఈ 1394 అనే ప్రమాణంగా రూపుదిద్దుకుంది; అదే ఏడాది సోనీ విడుదల చేసిన డీసీఆర్-వీఎక్స్1000 అనే డిజిటల్ వీడియో కెమెరాకు ఈ పోర్టు అమర్చారు. ఐ.లింక్ అని సోనీ పెట్టుకున్న పేరు, ఫైర్‌వైర్ అని ఆపిల్ పెట్టుకున్న పేరు, ఐఈఈఈ సంఖ్య మూడూ ఒకే బస్‌వి. సెకనుకు 100, 200, 400 మెగాబిట్ల వేగాలని వాడుకలో చెప్పినా, అసలు లెక్క 98.304 మెగాబిట్లూ దాని గుణిజాలూ. 2002లో వచ్చిన రెండో తరం ప్రమాణం దీన్ని 800కు పెంచింది.

ఈ బస్ నడిచే తీరులోనే దాని డ్రైవర్ కష్టాలన్నిటికీ మూలం ఉంది. యూఎస్‌బీలో కంప్యూటర్ అడిగితే తప్ప పరికరం నోరు విప్పదు. ఫైర్‌వైర్‌లో అలాంటి యజమాని లేడు, బస్ మీద ఉన్న ఏ నోడ్ అయినా, అంటే కంప్యూటర్ గాని కెమెరా గాని డిస్కు గాని, మరో నోడ్‌తో నేరుగా మాట్లాడవచ్చు. ఒక బస్ మీద 63 నోడ్‌ల దాకా చెట్టు కొమ్మల ఆకారంలో తగిలించవచ్చు. కొత్త పరికరాన్ని తగిలించినా, ఉన్నదాన్ని పీకినా బస్ మొత్తం రీసెట్ అవుతుంది. అప్పుడు నోడ్‌లు తమలో ఒకదాన్ని ఆ చెట్టుకు వేరుగా, అంటే రూట్‌గా, ఎంచుకుని, ఒక్కొక్కటీ తన ఉనికిని చాటే చిన్న ప్యాకెట్‌ను పంపి, మళ్లీ మొదటినుంచి సంఖ్యలు వేసుకుంటాయి. అంచేత ఇంతకుముందు 2వ నోడ్‌గా ఉన్న డిస్కు కెమెరాను తగిలించిన మరుక్షణం 0వ నోడ్ కావచ్చు. మారకుండా ఉండేది పరికరం లోపలి రోమ్‌లో తయారీనాడే రాసిపెట్టిన 64 బిట్ల గుర్తింపు సంఖ్య ఒక్కటే. ఇక కాలం సంగతికొస్తే, బస్ సెకనును 8,000 చక్రాలుగా, ఒక్కో చక్రం 125 మైక్రోసెకన్లుగా విభజిస్తుంది, అందులో 100 మైక్రోసెకన్ల దాకా ఐసోక్రోనస్ ప్రసారానికి కేటాయిస్తుంది. ఐసోక్రోనస్ అంటే వేళ తప్పని ప్రసారం: పాటలోనో వీడియోలోనో ఒక ముక్క పోయినా ఫరవాలేదు గాని ఆలస్యంగా రాకూడదు. డిస్కులో ఫైలు రాయడం వంటి, ఆలస్యమైనా తప్పు రాకూడని పనులు మిగిలిన కాలంలో అసింక్రోనస్ పద్ధతిలో, ప్రతి అడుగుకూ రసీదు తీసుకుంటూ జరుగుతాయి.

లినక్స్‌లో ఈ బస్‌కు తొలి ప్రయత్నం చేసింది ఎవరన్నది, కృషి చేసినవారి పేర్లు నమోదు చేసే కెర్నెల్ ఫైలులోనే ఉంది: అడాప్టెక్ కంపెనీ ఏఐసీ-5800 చిప్‌కు డ్రైవర్ రాసి పనికి శ్రీకారం చుట్టినవాడిగా ఇమాన్యుయెల్ పిర్కర్ పేరు, ఆ తర్వాత మొత్తాన్ని తిరగరాసి మెయింటైనర్‌గా నిలిచినవాడిగా ఆండ్రియాస్ బోంబె పేరు అందులో కనిపిస్తాయి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పీసీఐలింక్స్ చిప్‌కు డ్రైవర్ రాసినది కూడా బోంబెయే. ఒక్కో కంపెనీ చిప్‌కు ఒక్కో డ్రైవర్ రాయవలసిన ఈ దశ ఎక్కువ కాలం సాగలేదు. 1990ల చివరికల్లా ఓహెచ్‌సీఐ అనే ఉమ్మడి నిర్దేశం స్థిరపడి, ఏ కంపెనీ చిప్ అయినా ఒకే రకం రిజిస్టర్లతో, అంటే సాఫ్ట్‌వేర్ చదివి రాయగల చిప్ లోపలి చిన్న గడులతో, పనిచేయాలన్న కట్టుబాటు ఏర్పడింది. సెబాస్టియన్ రూజో మొదలుపెట్టిన ఓహెచ్‌సీఐ డ్రైవర్‌తో కలిసి ఫైర్‌వైర్ కోడ్ 2001 జనవరిలో వెలువడిన లినక్స్ 2.4లో చోటు సంపాదించుకుంది.

బయటి ప్రపంచంలో అప్పటికే ఫైర్‌వైర్ భవితవ్యం మలుపు తిరుగుతోంది. 1999 జనవరిలో నీలం, తెలుపు రంగుల పవర్ మ్యాకింటాష్ జీ3తో ఆపిల్ తన కంప్యూటర్లలో ఫైర్‌వైర్ పోర్టును అమర్చడం మొదలుపెట్టింది, 2001 అక్టోబరులో వచ్చిన మొదటి ఐపాడ్ కూడా ఈ తీగతోనే పాటలు నింపుకునేది. అయితే 1999లోనే పోర్టుకు ఒక డాలరు చొప్పున లైసెన్స్ రుసుము అడిగి పరిశ్రమను బెదరగొట్టిన ఆపిల్, దాన్ని కొద్ది నెలల్లోనే పరికరానికి 25 సెంట్లకు దించినా, చెడిన పేరు చెడనే చెడింది. 2000 ఏప్రిల్‌లో 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 వచ్చాక చవక పరికరాలన్నీ అటు మళ్లిపోయాయి. ఫైర్‌వైర్ వీడియో, సంగీత వృత్తులవారి మధ్య మాత్రం నిలిచింది.

లినక్స్ లోపల జరుగుతున్నది దీనికి భిన్నం. బెన్ కాలిన్స్, జోడీ మెకింటైర్, స్టీఫన్ రిక్టర్ వంటివారి చేతులు మారుతూ వచ్చిన పాత డ్రైవర్‌కు అతుకులు ఎక్కువయ్యాయి. వీడియోకు ఒక మార్గం, డీవీ కెమెరాలకు మరొక మార్గం, మిగిలినవాటికి మొత్తం బస్‌నే ఒకే తలుపు గుండా అప్పగించే మూడో మార్గం ఉండేవి. ఈ మూడో తలుపు తీయడానికి అనుమతి ఉన్న ప్రోగ్రాముకు కెమెరాతోపాటు పక్కనున్న డిస్కు కూడా అందుబాటులోకి వచ్చేది. పైగా ఒకే సమయంలో రెండు పనులు ఒకే సమాచారాన్ని తాకడం వల్ల, ఏది ముందు ముగిస్తే దాన్నిబట్టి ఫలితం మారిపోయే లోపాలు అక్కడక్కడా నక్కి ఉండేవి. రెడ్ హ్యాట్ సంస్థలో పనిచేస్తున్న క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ వీటిని ఒక్కొక్కటిగా సరిచేయడం కంటే మొత్తం మళ్లీ రాయడం మేలని నిశ్చయించి, జుజు అనే పేరుతో కొత్త డ్రైవర్‌ను తయారుచేశాడు. అది 2007 జూలైలో విడుదలైన 2.6.22 కెర్నెల్‌లో చేరింది. ఇందులో ప్రతి నోడ్‌కూ వేరే తలుపు ఉంటుంది గనుక కెమెరా తలుపును మామూలు వాడుకరికి తెరిచి, డిస్కు తలుపును మూసి ఉంచవచ్చు.

తిరగరాయడం సరైన నిర్ణయమే గాని, దాన్ని వాడుకరుల ముందుకు తెచ్చిన తీరులో తొందరపాటు ఉందని చెప్పక తప్పదు. ఆ కెర్నెల్ విడుదల కాకముందే, 2007 మే నెలలో వచ్చిన ఫెడోరా 7 అనే లినక్స్ పంపిణీ ప్రయోగదశలోని ఈ కొత్త డ్రైవర్‌ను వాడుకరుల కంప్యూటర్లలోకి చేర్చింది. ఓహెచ్‌సీఐ తొలి రూపాన్ని అనుసరించే పాత చిప్‌ల నుంచి ఐసోక్రోనస్ ప్రసారాన్ని అందుకోవడం దానికి మొదట్లో చేతకాలేదు. ఫైర్‌వైర్ తీగ మీద నెట్‌వర్క్ నడిపే భాగం 2009లో వచ్చిన 2.6.31 దాకా చేరనే లేదు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా లిబ్‌రా1394 అనే లైబ్రరీ 2008లో రెండో సంచికతో మధ్యవర్తిత్వం నెరపింది: పైనున్న ప్రోగ్రాములకు పాత ముఖమే చూపిస్తూ, కింద ఏ డ్రైవర్ ఉంటే దానితో పనిచేసేది. ఇలా మూడున్నరేళ్లు ఒకే కెర్నెల్‌లో రెండు డ్రైవర్లు కాపురం చేశాక, 2011 జనవరిలో వెలువడిన 2.6.37లో పాతదాన్ని తొలగించారు. కొత్తదాన్ని రాసిన హోగ్స్‌బెర్గ్ అప్పటికి ఇతర పనుల్లోకి వెళ్లిపోయాడు. ఆ నడిమి ఏళ్లలో లోటుపాట్లు పూడ్చి, పాతదాన్ని సాగనంపే దాకా బండి లాగినవాడు రిక్టర్. డ్రైవర్ పుట్టుక గురించి రాసేవాళ్లు తొలి రచయితను తలచినంతగా ఇలాంటివాళ్లను తలచరు.

ఆ పని ఎంత సూక్ష్మమైనదో చూపడానికి ఒక్క చోటు చాలు. బస్ రీసెట్ అయిన ప్రతిసారీ ఒక లెక్క ఒకటి చొప్పున పెరుగుతుంది. దాన్ని జనరేషన్ అంటారు. పరికరానికి ప్యాకెట్ పంపేటప్పుడు డ్రైవర్ నోడ్ సంఖ్యతోపాటు జనరేషన్‌ను కూడా జతచేస్తుంది, ఆ జనరేషన్ పాతదైతే ప్యాకెట్ బయటికి వెళ్లదు. ఇప్పుడు ఈ రెండు సంఖ్యలను మెమరీలోంచి చదువుతుండగా మధ్యలో రీసెట్ జరిగిందనుకుంటే ఏమవుతుంది? నోడ్ సంఖ్యను ముందు, జనరేషన్‌ను తర్వాత చదివితే పాత సంఖ్య మీద కొత్త జనరేషన్ ముద్ర పడి, డిస్కుకు రాయవలసిన సమాచారం ఆ సంఖ్యను కొత్తగా పొందిన మరో పరికరానికి నిరాటంకంగా చేరిపోతుంది. జనరేషన్‌ను ముందు చదివితే మహా అయితే పాత జనరేషన్‌తో కొత్త సంఖ్య వస్తుంది, ఆ ప్యాకెట్ తిరస్కరణకు గురవుతుంది, డ్రైవర్ మళ్లీ ప్రయత్నిస్తుంది, నష్టం ఏమీ ఉండదు. అందుకే కొత్త విలువలు నింపే చోట నోడ్ సంఖ్య ముందు, చదివే చోట జనరేషన్ ముందు అన్న కట్టడి పెట్టుకున్నారు. ఈ కాలపు ప్రాసెసర్లు వేగం కోసం చదివే వరుసను తమంతట తామే మార్చుకోగలవు గనుక, రెంటి మధ్యా ఆ వరుస తప్పనివ్వని మెమరీ బ్యారియర్ అనే ఆదేశాన్ని కూడా ఉంచారు. చూడడానికి మూడు వరుసల కోడ్. వరుస తారుమారైనా నూటికి తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు, ఆ మిగిలిన ఒక్కసారి ఎవరిదో డిస్కు పాడవుతుంది.

ఇది ప్రమాణం చదివి, ఆలోచించి పట్టుకోగల సంగతి. ప్రమాణంలో కనబడనివి వేరే ఉన్నాయి. ప్రతి కంట్రోలర్ చిప్‌లోనూ బస్ కాలాన్ని చూపే సైకిల్ టైమర్ అనే రిజిస్టర్ ఒకటి ఉంటుంది. సెకన్లు, చక్రాల సంఖ్య, చక్రం లోపల 0 నుంచి 3,071 దాకా తిరిగే చిన్న లెక్క అందులో పక్కపక్కనే ఉంటాయి. సంగీత పరికరాల గడియారాలను ఒకదానితో ఒకటి కలపడానికి ఈ రిజిస్టరే ఆధారం. కొన్ని చిప్‌లలో కింది ఆరు బిట్లు సున్నాకు తిరిగే క్షణాన చదివితే కింది పది బిట్లలో చెత్త వస్తుంది. కొన్నిటిలో లోపలి లెక్క సున్నాకు వచ్చాక కూడా చక్రాల సంఖ్య దాదాపు 60 నానోసెకన్ల దాకా పెరగదు. ఒక్కోసారి రిజిస్టర్ మొత్తం సున్నాగా కనిపిస్తుంది. దీనికి డ్రైవర్‌లో చేసిన ఉపాయం ఏమిటంటే, రిజిస్టర్‌ను మూడుసార్లు వెంటవెంటనే చదివి, మొదటికీ రెండోదానికీ ఉన్న తేడా, రెండోదానికీ మూడోదానికీ ఉన్న తేడా ఒకదానికొకటి రెట్టింపుకు లోపలే ఉన్నాయా, కాలం వెనక్కి నడిచినట్టు ఎక్కడైనా కనిపిస్తోందా అని సరిచూసుకుని, నమ్మకం కుదిరితేనే ఆ విలువను స్వీకరించడం. ఏ చిప్‌కు ఏ లోపం ఉందో తెలిపే పట్టిక ఒకటి డ్రైవర్‌లో ఉంది. హార్డ్‌వేర్ ఎలా ఉండాలో ప్రమాణం చెబుతుంది. కంపెనీలు నిజానికి అమ్మినవి ఎలా ఉన్నాయో తెలియాలంటే మాత్రం ఈ పట్టికనే చూడాలి.

ఓహెచ్‌సీఐలోని మరో గుణం గురించి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పంపే, అందుకునే వేగం తగ్గకుండా, బస్ మీది మరో నోడ్ కంప్యూటర్ మెమరీని ప్రాసెసర్ ప్రమేయం లేకుండా నేరుగా చదవడానికీ రాయడానికీ అది వీలు కల్పించింది. 2004లో టోక్యోలో జరిగిన ఒక భద్రతా సదస్సులో మాక్సిమిలియన్ డోర్న్‌సైఫ్ ఐపాడ్‌ను తగిలించి ఎదుటి కంప్యూటర్ మెమరీని చేజిక్కించుకోవచ్చునని చూపేసరికి, ఈ సౌకర్యం దొడ్డిదారిగా అపకీర్తి పాలైంది. విచిత్రమేమిటంటే కెర్నెల్ రాసేవాళ్లకు అదే దొడ్డిదారి ఎంతో పనికొచ్చింది: పూర్తిగా బిగుసుకుపోయి తెర మీద అక్షరం కూడా రాని కంప్యూటర్ మెమరీని తీగ ద్వారా పక్క కంప్యూటర్ నుంచి చదివి తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతిని వివరించే పత్రం 2008 నుంచి కెర్నెల్‌తోపాటే వస్తోంది. కొత్త డ్రైవర్ ఈ ద్వారాన్ని మామూలుగా మూసి ఉంచి, ఫైర్‌వైర్ డిస్కుల వంటి అవసరమైన పరికరాలకు మాత్రమే తెరుస్తుంది. తప్పులు వెతికేవాళ్లు కావాలంటే తామే తెరుచుకోవాలి.

2011 తర్వాత ఈ డ్రైవర్‌లో సందడి తగ్గింది. కొత్త పరికరాలు రావడం లేదు. ఆపిల్ చివరిసారి ఈ పోర్టును అమర్చిన 2012 నాటి మ్యాక్‌బుక్ ప్రో అమ్మకం కూడా 2016లో ఆగిపోయింది. బస్ ఊపిరిని నిలబెట్టింది సంగీతం. స్టూడియోలలో పాతబడని మైక్ ప్రీయాంప్‌లు, మిక్సర్లు ఎన్నో ఫైర్‌వైర్ తీగతోనే పనిచేస్తున్నందున, లినక్స్ సౌండ్ వ్యవస్థలో వాటికి డ్రైవర్లు ఒక్కొక్కటిగా చేరాయి. 2014లో 3.16 కెర్నెల్‌కు అలాంటి రెండు డ్రైవర్లు రాసిన తకాషి సకమోటో తర్వాతి ఏళ్లలో మరికొన్ని కంపెనీల పరికరాలనూ అందులోకి తెచ్చాడు. తన డ్రైవర్ల కింది బస్ బాగుంటేనే తన పని బాగుంటుందని గ్రహించినవాడు గనుకనేమో, 2023లో రిక్టర్ నుంచి బస్ డ్రైవర్ మెయింటైనర్ బాధ్యతను కూడా అతనే స్వీకరించాడు.

స్వీకరించిన ఏడాదిలోనే పెద్ద చిక్కు ఎదురైంది. ఫైర్‌వైర్ పోర్టు లేని ఈనాటి కంప్యూటర్లకు దాన్ని చేర్చే చవక కార్డులలో చాలావాటి మీద వయా కంపెనీ వీటీ6306, 6307, 6308 వరుస చిప్ ఉంటుంది. అది పాత పీసీఐ బస్‌కు చేసినది గనుక, కొత్త పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌కు అతకడానికి ఏస్‌మీడియా ఏఎస్ఎం1083 లేదా 1085 అనే వంతెన చిప్‌ను దాని పక్కన పెడతారు. ఈ జోడీ ఉన్న కార్డును ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో పెట్టి, 2023 ఆగస్టులో వచ్చిన 6.5 కెర్నెల్‌ను నడిపితే కంప్యూటర్ హఠాత్తుగా దానంతట అదే రీబూట్ అవుతోంది. కారణం వెతకగా అది మళ్లీ సైకిల్ టైమర్ దగ్గరికే వెళ్లి ఆగింది: 6.5లో చేసిన మార్పు వల్ల కొన్ని అసింక్రోనస్ లావాదేవీలకు కాలముద్ర వేయడానికి డ్రైవర్ ఆ రిజిస్టర్‌ను అంతకుముందు కంటే తరచుగా చదువుతోంది, ఆ మూడు చిప్‌లు కలిసిన చోట ఆ చదవడమే యంత్రాన్ని పడగొడుతోంది. ఇంటెల్ కంప్యూటర్లలో, రైజెన్‌కు ముందటి ఏఎండీ కంప్యూటర్లలో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డులలో ఈ జబ్బు కనబడలేదు. నిజానికి బస్ కాలాన్ని నిలుపుకోవడానికి పాత కెర్నెల్‌లు కూడా ఆ రిజిస్టర్‌ను చదివేవి గనుక లోపం అంతకుముందూ ఉంది, అరుదుగా బయటపడేది, అంతే.

2024 జనవరిలో సకమోటో కెర్నెల్‌లో చేర్చిన పరిష్కారం ఏమిటంటే, ఆ జోడీ రైజెన్ కంప్యూటర్‌లో కనబడినప్పుడు రిజిస్టర్ జోలికే పోకపోవడం. దాని మూల్యాన్ని ఆ సవరణకు జతచేసిన వివరణలోనే అతను చెప్పాడు: కాలం తెలియవలసిన సంగీత ప్రోగ్రాములకు ఆ కార్డు మీద ఇక హార్డ్‌వేర్ కాలం దొరకదు, డిస్కుల వంటి కాలంతో పనిలేని వాడుకలు మాత్రం మళ్లీ సాధ్యమవుతాయి. మూడు కంపెనీల చిప్‌లు కలిసిన చోట పుట్టిన లోపానికి ఏ కంపెనీ చిప్‌నూ మార్చలేని స్థితిలో, సగం ప్రయోజనాన్ని వదులుకుని మిగతా సగాన్ని కాపాడడం కంటే మెయింటైనర్‌కు గత్యంతరం లేదు.

ఎవరూ తప్పు చేయకపోయినా వచ్చే పని మరొకటి ఉంది. కెర్నెల్ లోపలి ఏర్పాట్లకు శాశ్వతత్వం లేదు. ఒక పద్ధతి పాతబడితే దాన్ని వాడే డ్రైవర్లన్నీ కొత్తదానికి మారాలి. చిప్ పిలుపు అందిన వెంటనే చేయలేని పనిని కాస్త ఆగి చేయడానికి వాడే టాస్క్‌లెట్ అనే పాత సాధనాన్ని కెర్నెల్ పెద్దలు ఏళ్ల తరబడి వదిలించుకోవాలని చూస్తున్నారు. ఫైర్‌వైర్ ఐసోక్రోనస్ భాగం 2024 నవంబరులో వచ్చిన 6.12లో దాన్ని వదిలి వర్క్‌క్యూ పద్ధతికి మారింది. వాడుకరికి దీనివల్ల కొత్తగా ఒరిగేదేమీ లేదు, కానీ ఇలా మారని డ్రైవర్‌ను మొయ్యడం మిగతా కెర్నెల్‌కు భారమవుతుంది, చివరికి దాన్ని తొలగిస్తారు. డిస్కులకు వాడిన పాత ఐడీఈ డ్రైవర్లను 2021లో 5.14 నుంచి తొలగించారు.

ఈ బాధ్యత తీసుకున్న 2023లోనే సకమోటో దానికి ముగింపు గడువును కూడా ప్రకటించాడు: 2029 దాకా డ్రైవర్‌ను నిలబెడతానని, ఈలోగా వాడుకరులు యూఎస్‌బీ సౌండ్ పరికరాల వంటి కొత్తవాటికి మారాలని. కంపెనీల ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇలాంటి గడువు ముందే చెప్పడం అరుదు. 2025 సెప్టెంబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26లో ఫైర్‌వైర్‌కు చోటు లేకపోయింది, దాన్ని పుట్టించిన ఆపిల్ కంటే ఎక్కువ కాలం దాన్ని లినక్స్ మోస్తోంది. ఈ గడువు సంగీతకారుల కంటే టేపులు దాచుకున్నవారికే ఎక్కువ ముఖ్యం. మినీ డీవీ కెమెరాలలో చాలావాటి నుంచి, టేపు మీద ఉన్న డిజిటల్ వీడియోను ఉన్నదున్నట్టుగా బయటికి తీయడానికి ఫైర్‌వైర్ తప్ప వేరే దారి లేదు. తెలుగునాట 2000ల నాటి పెళ్లి వీడియోలు, సభల రికార్డింగులు ఎన్నో ఇళ్లలోనూ స్టూడియోలలోనూ ఆ టేపుల మీదే ఉన్నాయి, ఆడించగల కెమెరాలు ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. డ్రైవర్ బతికి ఉండగానే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మేలు. 2029 తర్వాత మరొకరు ముందుకొచ్చి బాధ్యత తీసుకుంటే తప్ప, కొత్త కెర్నెల్‌లో ఆ తీగ పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.